ఆయిల్ నదిని తాకకముందే: డ్రైనేజీ సంప్ ప్రాజెక్టు డైరీ

మొదలు

బొగ్గు కాల్చరు, బూడిద ఉండదు, కాబట్టి జల విద్యుత్ కేంద్రం వల్ల నీళ్లకు హాని ఏమీ ఉండదని చాలామంది అనుకుంటారు. లోపలికి వచ్చి చూస్తే అడుగడుగునా ఆయిలే. టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ప్రెషర్ ట్యాంకులో ఆయిల్, తిరిగే భాగాల బరువు మోసే థ్రస్ట్ బేరింగ్‌లో ఆయిల్, గైడ్ బేరింగుల్లో ఆయిల్. మాది కప్లాన్ టర్బైన్, అంటే రెక్కల కోణం మార్చగలిగే రకం, కాబట్టి నీళ్లలో తిరిగే రన్నర్ హబ్ (రెక్కలు బిగించిన మధ్య భాగం) లోపల కూడా ఆయిలే. బయట యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ల నిండా ఆయిల్. భవనం అట్టడుగున డ్రైనేజీ సంప్ ఉంటుంది. గోడల ఊట, టర్బైన్ ఇరుసు చుట్టూ ఉండే షాఫ్ట్ సీలు నుంచి కారే నీరు, ఫ్లోర్ కడిగిన నీరు అన్నీ అక్కడికే చేరతాయి. సంప్ నిండగానే పంపు ఆన్ అయి ఆ నీటిని టెయిల్‌రేస్‌లోకి తోసేస్తుంది. టెయిల్‌రేస్ అంటే నదే.

ట్రాన్స్‌ఫార్మర్ పేలితే ఏం చేయాలో చెప్పే మందపాటి ఫైలు మా దగ్గర ఉంది. ఫిల్టర్ మారుస్తుంటే రెండు లీటర్లు ఒలికితే ఏం చేయాలో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఈ ప్రాజెక్టు ఆ రెండు లీటర్ల కోసం.

పెద్ద ప్రమాదం ఎప్పుడో గానీ రాదు. చిన్నచిన్న ఒలకడాలు మాత్రం మెయింటెనెన్స్ జరిగే ప్రతిచోటా ఉంటాయి. హోస్ కప్లింగ్ విప్పినప్పుడు, డ్రమ్ము వంచినప్పుడు, గాస్కెట్ చెమర్చినప్పుడు. ఒక్కొక్కటిగా చూస్తే గుడ్డతో తుడిచేస్తే పోయేంతే. కానీ కిందికి జారిన చుక్కలన్నీ చేరేది ఒకే సంప్‌కు, అక్కడి నుంచి ఒకే పైపులో నదికి. అంటే పట్టుకోవడానికి మనకు ఒక చోటు దొరికినట్టే. నీళ్లు భవనం లోపల ఉన్నంతసేపే మన చేతిలో ఉంటాయి. డబ్బయినా శ్రమయినా ముందు లోపల పెట్టాలన్నది ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న నియమం.

రెండు లీటర్లు అంటే ఎంత

మొదటి మీటింగులోనే వచ్చిన ప్రశ్న: సెకనుకు వందల ఘనపు మీటర్ల నీరు వదిలేచోట రెండు లీటర్లు ఒక లెక్కా? అడగాల్సిన ప్రశ్నే. అందుకే బోర్డు మీద లెక్క వేసి చూపించాను.

నీటి మీద ఆయిల్ కనిపించే తీరును బట్టి పొర మందాన్ని అంచనా వేయడానికి సముద్ర కాలుష్యంపై కుదిరిన బాన్ ఒప్పందంలోని దేశాలు, అంటే ఉత్తర సముద్రం చుట్టూ ఉన్నవి, ఒక పట్టిక వాడతాయి. వెండి మెరుపు కనిపిస్తే మందం 0.04 నుంచి 0.3 మైక్రాన్లు. ఇంద్రధనుస్సు రంగులైతే 0.3 నుంచి 5 మైక్రాన్లు. లోహపు మెరుపైతే 5 నుంచి 50. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండు లీటర్ల ఆయిల్ 0.1 మైక్రాన్ మందాన పరుచుకుంటే 20,000 చదరపు మీటర్లు కప్పేస్తుంది. దాదాపు ఐదు ఎకరాలు. లండన్ దగ్గర క్లాఫమ్ చెరువులో ఒక టీస్పూను నూనె పోస్తే అర ఎకరం మేర అలలు అణిగిపోయాయని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1774లో రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అది కూడా చెప్పాక చర్చ 'చేయాలా వద్దా' నుంచి 'ఎలా చేయాలి' అన్నదానికి మారింది.

పొర పలచనే అయినా అలాగే ఉండిపోదు. గట్టు వారన, రెల్లు మొదళ్లలో, నీళ్లు నిలిచే మూలల్లో పోగవుతుంది. పక్షులు దిగేదీ, చేపలు గుడ్లు పెట్టేదీ అలాంటి చోట్లే. అమెరికా నిబంధనల్లో ఎన్ని లీటర్లన్నది చూడకుండా, నీటి మీద తెట్టు కనిపిస్తే చాలు రిపోర్టు చేయాలని ఉంది. నాకు అది సరైన పద్ధతి అనిపిస్తుంది. షిఫ్టులో ఉన్నవాళ్లు నదిలో లీటర్లు కొలవలేరు, తెట్టును మాత్రం చూడగలరు.

పట్టికను లామినేట్ చేయించి టెయిల్‌రేస్ డెక్ రెయిలింగుకు కట్టించాం. దాని కింద ఒక మాట అదనంగా రాయించాను: తెట్టు కనిపిస్తే ముందు పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా పగిలి ముక్కలు విడివిడిగా ఉండిపోతే అది ఇనుప బ్యాక్టీరియా వల్ల వచ్చిన తెట్టు, ఊట నీళ్లలో మామూలే. విడిపోయి మళ్లీ కలిసిపోతే ఆయిల్.

పచ్చ నీళ్లు

డ్రాయింగు ప్రకారం ఫ్లోర్ డ్రెయిన్లన్నీ డ్రైనేజీ సంప్‌కే వెళ్లాలి. కేంద్రం కట్టినప్పటి డ్రాయింగు అది. ఆ తర్వాత ఎన్ని గోడలు లేచాయో, ఎన్ని పైపులు మళ్లించారో కాగితం మీద లేదు. అందుకని ప్రతి డ్రెయిన్‌కూ రంగు పరీక్ష పెట్టాం. వాడింది యురనీన్, అంటే ఫ్లోరెసీన్ సోడియం ఉప్పు. పొడిగా ఉన్నప్పుడు ఇటుక రంగులో ఉంటుంది, నీళ్లలో పడగానే మెరిసే పచ్చరంగు వస్తుంది. చిటికెడు చాలు. దిగువన నీళ్లు తోడుకునేవాళ్లకూ, కాలుష్య నియంత్రణ అధికారులకూ ముందే కబురు పెట్టాం. చెప్పకుండా నది పచ్చబడితే ఎవరికైనా టెన్షనే.

డ్రెయిన్ దగ్గర నేను, సంప్ మూత దగ్గర ఒక ఆపరేటర్, టెయిల్‌రేస్ గట్టు మీద ఇంకొకరు, ముగ్గురి చేతుల్లోనూ వాకీటాకీలు. టర్బైన్ ఫ్లోర్ డ్రెయిన్లు వరసగా సంప్‌లోనే తేలాయి. తర్వాత కంప్రెసర్ గది మూలన ఉన్న జాలీలో రంగు వేసి బకెట్టు నీళ్లు కుమ్మరించాం. "ఇక్కడ ఏమీ రాలేదు సార్" అన్నాడు సంప్ దగ్గరున్న ఆపరేటర్. ఇంకో బకెట్టు పోశాం. ఈసారి గట్టు మీదున్న సెట్టు పలికింది. వాన నీటి పైపు మూతిలోంచి సన్నని పచ్చ ధార నేరుగా నదిలో పడుతోంది.

కంప్రెసర్ బ్లోడౌన్ నీళ్లలో, అంటే లోపల చేరితే బయటికి వదిలేసే నీళ్లలో, ఆయిల్ కలిసి ఉంటుంది. అదంతా సంప్‌ను చూడకుండానే నదికి వెళ్తోందన్నమాట. ఆ సాయంత్రమే జాలీకి మూత వేశాం. పైపును సంప్ వైపు మళ్లించే పనికి వర్క్ ఆర్డర్ పెట్టాం.

పరికరాలేవీ కొనకముందే ఈ పరీక్ష చేయాలని ఎవరడిగినా చెబుతాను. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియకుండా సెపరేటర్ (నీటి నుంచి ఆయిల్‌ను విడదీసే పరికరం) ఎక్కడ పెట్టినా అది ఊహే. పరీక్ష పూర్తయిన జాలీల పక్కన నేల మీద పెయింటు గుర్తు వేశాం. సంప్‌కు వెళ్లేదానికి పసుపు, నేరుగా నదికి వెళ్లేదానికి ఎరుపు. ఎరుపు పక్కన ఆయిల్ పని చేయాల్సి వస్తే ముందు జాలీ మీద రబ్బరు మ్యాట్ పరచాలి, ఆ తర్వాతే స్పానర్ పట్టాలి.

సంప్ లోపల గోడ

మాకు వచ్చిన ప్రతిపాదనలో ఆయిల్ సెపరేటర్‌ను పంపు డెలివరీ పైపు మీద, పైన నేల మట్టంలో చూపించారు. అక్కడైతే పెట్టడం సులువు, తనిఖీ సులువు. నేను ఒప్పుకోలేదు. కారణం జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ 1851లో ఇచ్చిన సూత్రం. నీళ్లలో ఆయిల్ బిందువు పైకి లేచే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మా టర్బైన్ ఆయిల్ లీటరు బరువు 0.88 కిలోలు. ఆ లెక్కన 150 మైక్రాన్ల బిందువు సెకనుకు సుమారు 1.5 మిల్లీమీటర్లు లేస్తుంది, మీటరు లేవడానికి దాదాపు 11 నిమిషాలు. 20 మైక్రాన్ల బిందువుకు అదే మీటరుకు 10 గంటలు దాటుతుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పద్ధతి సెపరేటర్లను 150 మైక్రాన్ల బిందువును దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేస్తారు.

సెంట్రిఫ్యూగల్ పంపు లోపల వేగంగా తిరిగే చక్రం, ఇంపెల్లర్‌లోంచి వెళ్తే, సంప్‌లో హాయిగా తేలుతున్న ఆయిల్ చితికి సన్నని బిందువులైపోతుంది. దానంతటదే విడిపోయి ఉన్నదాన్ని మనమే కలిపి, విడదీయడానికి మళ్లీ యంత్రం కొనడం ఎందుకు? విడదీయడం పంపుకు ముందే జరగాలి.

చివరికి పెట్టింది ఒక స్టెయిన్‌లెస్ స్టీలు అడ్డుగోడ. పై అంచు నీటి మట్టం కంటే ఎత్తున ఉంటుంది, కింద సంప్ అడుగుకూ గోడకూ మధ్య సందు ఉంటుంది. నీరు ఆ సందులోంచి పంపు వైపు వెళ్తుంది, ఆయిల్ ఇవతలే తేలుతూ ఆగిపోతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, కరెంటు అక్కర్లేదు.

దీనితోపాటు పంపు ఆగే మట్టాన్ని పెంచాం. ఇదివరకు పంపు సంప్‌ను దాదాపు అడుగంటా లాగేసేది. మట్టం తగ్గేకొద్దీ సక్షన్ దగ్గర సుడి పుట్టి పైపొర కూడా లోపలికి పోయేది. ఇప్పుడు గోడ కింది అంచు ఎప్పుడూ మునిగే ఉంటుంది. పంపు ఇదివరకటి కంటే ఎక్కువసార్లు ఆన్ అవుతుంది కాబట్టి, మోటారు గంటకు ఎన్ని స్టార్టులు తట్టుకుంటుందో చూసుకుని మట్టాలు ఖాయం చేశాం.

ఆయిల్ ఆగే వైపు నీటి వైశాల్యం 20 చదరపు మీటర్లు. 20 లీటర్లు వచ్చి చేరితే పొర మిల్లీమీటరు మందం ఉంటుంది. నీటిలో కరెంటు ప్రవహిస్తుంది, ఆయిల్‌లో ప్రవహించదు. ఆ తేడాను పట్టే తేలే ప్రోబ్ అక్కడ పెట్టాం. పలచటి తెట్టును అది పట్టలేదు. అందుకని పంపు వైపు అతినీలలోహిత కాంతితో పనిచేసే సెన్సర్ పెట్టాం. ఆ కాంతి పడితే ఆయిల్ మెరుస్తుంది, సెన్సర్ ఆ మెరుపును చూస్తుంది.

పంపు ఆపాలా, వద్దా

దీని గురించే ఎక్కువ వాదించుకున్నాం. ఆయిల్ అలారం రాగానే పంపు దానంతటదే ఆగిపోవాలని పర్యావరణ విభాగం వాళ్లు అన్నారు. ఆపరేషన్ వాళ్లు ససేమిరా అన్నారు. వాళ్లు చెప్పిందీ నిజమే. షాఫ్ట్ సీలు బాగా కారుతున్న రోజు డ్రైనేజీ పంపు ఆగితే అట్టడుగు గ్యాలరీ మునుగుతుంది. మనుషులు పనిచేసే చోటు అది. పైగా నీళ్లు పైకి లేస్తే అక్కడున్న మోటార్లు, ప్యానెళ్లు, ఆయిల్ ట్యాంకులు అన్నీ మునుగుతాయి. రెండు లీటర్లను ఆపబోయి వేల లీటర్లు పోగొట్టుకుంటాం.

ఇద్దరూ ఒప్పుకున్న పద్ధతి ఇది. గోడ ఇవతలి ప్రోబ్ పలికితే అలారం మాత్రమే వస్తుంది. గోడ కాపలా ఉంది కాబట్టి పంపు నడుస్తూనే ఉంటుంది. అవతలి సెన్సర్ కూడా పలికితే, అంటే ఆయిల్ గోడ దాటితే, పంపు ఆగుతుంది. అక్కడి నుంచి సంప్ నిండడానికి పట్టే సమయమే ఆపరేటర్‌కు ఉన్న గడువు. ఊట ఎంత వస్తోందో కొలిచి, ఇంకా ఎన్ని నిమిషాలు ఉన్నాయో కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద కనిపించేలా చేశాం. ఆ లోపు కిందికి దిగి ప్యాడ్లు పరచొచ్చు, లీకు మూలం కట్టేయొచ్చు. మట్టం ప్రమాద గీత దాటితే మాత్రం ఆయిల్ ఉన్నా సరే రెండు పంపులూ నడవాల్సిందే. దాన్ని ఆపే స్విచ్చు పెట్టలేదు.

ఆ స్థితిలో ఆయిల్ నదిలోకి పోతుందని తెలిసే పంపు నడుపుతున్నాం. ఈ వాక్యాన్ని ప్రొసీజర్‌లో దాచకుండా రాయించాను. మనిషి ప్రాణమా, నీటి శుభ్రతా అన్న ప్రశ్నను రాత్రి రెండు గంటలకు ఒంటరిగా ఉన్న ఆపరేటర్ మీద వదిలేయడం న్యాయం కాదు. పగలు, పదిమంది కూర్చుని తేల్చాల్సిన విషయం అది. తేల్చాం.

సంప్‌కు అందని లీకులు

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రన్నర్ హబ్. లోపలికి నీళ్లు రాకుండా హబ్‌లో ఆయిల్ పీడనాన్ని బయటి నీటి కంటే ఎక్కువ ఉంచుతాం. రెక్కల మొదట్లో సీళ్లు అరిగితే ఆయిల్ నేరుగా ప్రవాహంలోకే పోతుంది. సంప్, గోడ, ప్రోబ్ ఏవీ అడ్డు రావు. సెకనుకు 200 ఘనపు మీటర్ల నీటిలో గంటకు లీటరు ఆయిల్ పోతే, అది వంద కోట్ల పాళ్లలో ఒకటిన్నర పాలు కూడా కాదు. నీళ్ల వైపు వెతికి లాభం లేదు. ఆయిల్ వైపే వెతకాలి. ట్యాంకులో ఎంత తగ్గింది, మనం ఎంత పోశాం?

అక్కడా ఒక చిక్కుంది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఖనిజ ఆయిల్ ఘనపరిమాణం సుమారు 0.07 శాతం పెరుగుతుంది. వ్యవస్థలో 10,000 లీటర్లు ఉంటే 10 డిగ్రీల తేడాకు 70 లీటర్లు. చల్లగా ఉన్నప్పుడు ఒక రీడింగు, వేడెక్కాక ఇంకో రీడింగు తీసి పోలిస్తే 70 లీటర్ల లీకు కూడా కంటికి కనపడదు. గైడ్ వేన్లు (టర్బైన్‌లోకి వచ్చే నీటిని అదుపు చేసే తలుపులు), రెక్కలు కదిలినా, వాటిని ఆయిల్ పీడనంతో కదిలించే సర్వోమోటార్లలో ఆయిల్ అటూ ఇటూ మారి ట్యాంకు మట్టం మారుతుంది.

అందుకని లాగ్‌షీటు మార్చాం. మెషీన్ ఆగి ఉన్నప్పుడు, రెక్కలు ఒకే స్థానంలో ఉన్నప్పుడు మట్టం రాయాలి. పక్కనే ఉష్ణోగ్రత రాయాలి. మట్టాన్ని 40 డిగ్రీలకు సరిదిద్ది గ్రాఫులో పెట్టాలి. టాప్ అప్ చేసిన ప్రతిసారీ కారణం రాయాలి, తెలియకపోతే 'తెలియదు' అనే రాయాలి. కొన్ని వారాలకే ఒక యూనిట్ గీత కిందికి వాలుతున్నట్టు తేలింది. మిగతా యూనిట్లవి సమంగా ఉన్నాయి. తయారీదారు ఇచ్చిన పరిధిలోనే ఆ యూనిట్ హబ్ పీడనాన్ని కనిష్ఠానికి దించాం, వాలు కొంత తగ్గింది. సీళ్ల మార్పును వచ్చే షట్‌డౌన్ పనుల్లో చేర్చాం.

థ్రస్ట్ బేరింగ్ కూలర్‌ది ఇంకో తీరు. మెషీన్ నడుస్తుంటే ట్యూబుల్లో నీటి పీడనం ఎక్కువ, బయట ఆయిల్ మీద వాతావరణ పీడనమే. ట్యూబుకు చిల్లు పడితే నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి, ఆయిల్ తెల్లబడుతుంది. అందరూ కనిపెట్టుకుని ఉండేది దీన్నే. మెషీన్ ఆపి నీళ్ల లైను ఖాళీ చేశాక దిశ తిరగబడుతుంది. అదే చిల్లులోంచి ఆయిల్ ఖాళీ ట్యూబులోకి కారి నిలుస్తుంది. మళ్లీ కూలింగ్ వాటర్ వదలగానే మొదటి నీళ్లతో పాటు టెయిల్‌రేస్‌కు చేరుతుంది. అందుకే ఇప్పుడు షట్‌డౌన్ తర్వాత వాల్వు పూర్తిగా తెరవకముందే, కూలర్ బయటికి వచ్చే లైనులో టెస్ట్ కాక్ తిప్పి మొదటి నీళ్లను తెల్ల బకెట్టులో పడుతున్నాం. తెల్ల బకెట్టే ఎందుకంటే, తెట్టు అందులో దీపం వెలుతురుకు కూడా తెలుస్తుంది. తెట్టు ఉంటే వాల్వు తెరవరు.

సబ్బు వద్దు

సబ్బు, డిటర్జెంట్ పడితే ఆయిల్ నీళ్లలో కలిసిపోయి సన్నని బిందువులవుతుంది. గోడ కింద నుంచి దర్జాగా దాటిపోతుంది. ఫ్లోర్ కడిగేవాళ్లకు ఇది చెప్పినవాళ్లు ఇదివరకు ఎవరూ లేరు. ఇప్పుడు టర్బైన్ ఫ్లోర్ మీద ముందు ప్యాడుతో ఆయిల్ ఎత్తేస్తారు, తర్వాత తడి గుడ్డతో తుడుస్తారు, కడిగే పని లేదు. నదిలో తెట్టు కనిపిస్తే దాని మీద డిటర్జెంట్ చల్లి మాయం చేయడం అసలు కూడదు. తెట్టు కనపడకుండా పోతుంది గానీ ఆయిల్ పోదు, ఇంకా లోతుకు కలుస్తుంది.

టెయిల్‌రేస్‌లో బూమ్

లోపల ఎంత కాపలా పెట్టినా బయట కూడా ఒక గీత ఉండాలి కదా అని బూమ్ గురించి, అంటే ఆయిల్‌ను ఆపడానికి నీటి మీద తేలేలా కట్టే అడ్డు గురించి, ఆలోచించాం. తేలే బూమ్‌కు ఎదురుగా నీరు సెకనుకు 0.35 మీటర్లు దాటితే ఆయిల్ దాని కింద నుంచి జారిపోతుంది. ప్రవాహానికి ఏటవాలుగా కడితే కొంత నయం. 30 డిగ్రీల కోణంలో సెకనుకు 0.7 మీటర్ల దాకా ఆగుతుంది. మా టెయిల్‌రేస్‌లో మెషీన్లు నడుస్తుంటే వేగం దానికి రెట్టింపు పైనే. అక్కడ అడ్డంగా బూమ్ కట్టడం డబ్బు దండగ.

సంప్ పైపు పడేచోట మాత్రం రెక్కగోడ చాటున నీళ్లు దాదాపు నిలకడగా ఉంటాయి. అక్కడ గోడకు రెండు వైపులా నిలువు పట్టాలు బిగించి, నీటి మట్టంతో పాటు పైకీ కిందికీ జరిగే చిన్న బూమ్ శాశ్వతంగా పెట్టాం. పొడి చెక్క పేళ్లు వేసి చూస్తే ఒక యూనిట్ నడుస్తున్నప్పుడు అన్నీ లోపలే ఆగాయి. అన్ని యూనిట్లూ నడిచినప్పుడు కొన్ని జారాయి. బూమ్ అంచును గోడ చాటుకు ఇంకాస్త లోపలికి జరిపాక అదీ తగ్గింది.

కిట్లు, రాత్రి షిఫ్టు

స్పిల్ కిట్లు స్టోర్‌లో తాళం వెనక ఉండేవి. ఇప్పుడు గవర్నర్ క్యాబినెట్ పక్కన, ఆయిల్ ఫిల్టర్ గదిలో, సంప్ మెట్ల దగ్గర, టెయిల్‌రేస్ డెక్ మీద ఉన్నాయి. తాళం లేదు, తెంపితే తెగే సీలు మాత్రమే. ప్యాడ్లు రెండు రకాలు. తెల్లవి ఆయిల్‌ను మాత్రమే పీలుస్తాయి, నీళ్లను పట్టవు, తేలుతాయి. బూడిద రంగువి నీళ్లనూ పీలుస్తాయి కాబట్టి పొడి నేల మీదకే. సంప్ మెట్ల దగ్గర, డెక్ మీద తెల్లవి తప్ప వేరేవి ఉంచలేదు. కంగారులో ఉన్న మనిషికి రంగు చూసి ఎంచుకునే పని పెట్టకూడదు. వాడిన ప్యాడ్లు మూత ఉన్న డ్రమ్ములోకి, అక్కడి నుంచి ప్రమాదకర వ్యర్థాలతో పాటు వెళ్తాయి.

చెప్పకుండా రాత్రి షిఫ్టులో డ్రిల్ పెట్టాం. ఫిల్టర్ గదిలో నేల మీద నీళ్లు పోసి "ఆయిల్ ఒలికింది" అన్నాం. ఆపరేటర్ జాలీ మీద మ్యాట్ వేసి, వాల్వు కట్టి, ప్యాడ్లు పరిచేసరికి ఎంతో సేపు పట్టలేదు. ఆలస్యమంతా ఫోన్ల దగ్గర జరిగింది. షిఫ్ట్ ఇంజనీర్‌కు చెప్పాలి, ఆయన పైవాళ్లను అడగాలి, వాళ్లు నిద్ర లేవాలి. దిగువన నీళ్లు తోడే వాళ్లకు కబురు వెళ్లేసరికి, నిజంగా ఆయిలే అయితే, అది వాళ్లను దాటిపోయి ఉండేది. ఆ వరస మార్చాం. తెట్టు నీళ్లలో కనిపిస్తే షిఫ్ట్ ఇంజనీరే ముందు దిగువకు ఫోన్ చేస్తారు, పైవాళ్లకు తర్వాత చెబుతారు. ఎవరినీ అడగక్కర్లేదని రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించాం.

రిపోర్టు కార్డు అరచేతిలో పట్టేంత చేశాం. ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆయిల్, సుమారు ఎంత, నీళ్లను తాకిందా లేదా. ఎవరు ఒలికించారు అన్న గడి కావాలనే పెట్టలేదు. ఆ గడి ఉంటే కార్డులు రావు. ఇప్పుడు కార్డులు వస్తున్నాయి, అదీ అర లీటరు, పావు లీటరు వాటికి. ఎక్కువ ఒకే హోస్ కప్లింగ్ దగ్గర నుంచి వస్తున్నాయని కార్డులు పేర్చి చూస్తేనే తెలిసింది. ఆ మోడల్ కప్లింగులన్నీ విప్పినా చుక్క కారని రకంతో మారుస్తున్నాం.

మిగిలిన పనులు

ట్రాన్స్‌ఫార్మర్ గుంతల వాన నీటి వాల్వులకు తాళాలు పడ్డాయి. వాన తర్వాత నీటిని చూసి, తెట్టు లేకపోతేనే తెరిచి, మళ్లీ కట్టి సంతకం చేయాలి. వాల్వు తెరిచి మరిచిపోతే ఆయిల్ ఆపడానికి కట్టిన గుంత ఉన్నా లేనట్టే.

సూక్ష్మజీవుల వల్ల త్వరగా విచ్ఛిన్నమయ్యే ఆయిల్‌కు మారదామన్న ప్రతిపాదన ఉంది. హబ్‌కు అది మంచిదే అని నా అభిప్రాయం. అయితే అది కూడా నీటి మీద తెట్టు కడుతుంది. పాత సీళ్లకు, పెయింటుకు పొసుగుతుందో లేదో ముందు పరీక్షించాలి. ఆ నమూనాలు ల్యాబ్‌కు వెళ్లాయి.

వచ్చే షట్‌డౌన్‌లో హబ్ సీళ్ల మార్పు, కంప్రెసర్ గది పైపు మళ్లింపు, రెండో సంప్‌లో అడ్డుగోడ. సీళ్లు మార్చాక ఆ యూనిట్ గ్రాఫు సమంగా నిలుస్తుందో లేదో చూసి, రీడింగులతో సహా ఇక్కడే రాస్తాను.